మనం ఎదురుచూసింది డాక్టర్ బాబు కోసమేనా?

  చెల్లెళ్ళూ, మీతో చెప్పుకోవాలని దాచిపెట్టుకున్న ముచ్చట ఒకటుంది.

మా గుడియాత్తంలో వైగాసి నెల ఒకటో తేదీన, అంటే మే నడుమన, గంగమ్మ సిరసు తిరునాళ్ళు. గోపాలపురంలో గుడి. అమ్మవారి శిరసును ఊరంతా తిప్పి తెచ్చి, గుడిలో మొండేనికి అమరుస్తారు. ఆ రోజుకు వేలూరు నుంచి, చిత్తూరు నుంచి, పలమనేరు నుంచి చుట్టాలంతా మా ఇంట్లో దిగుతారు. ఆడవాళ్ళం చీకటి పడ్డాక మిద్దె మీద చాపలు పరుచుకుంటాం. మొన్న అట్లా కూర్చున్నప్పుడే, వేలూరు కాలేజీలో చదివే మా మేనకోడలు ఫోన్లో 'కార్తీకదీపం' సీరియల్ పాత ఎపిసోడ్ ఒకటి పెట్టింది. ఇంకేముంది, పాల పొంగు మీద నీళ్ళు చల్లినా ఆగనట్టు మాటలు పొంగాయి.

మా ఇళ్ళ సంగతి మీకు తెలుసు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. కాబట్టి ఆ సీరియల్‌లోని దీప కథ మాకు రెండుసార్లు వచ్చింది. 2017 అక్టోబరు 16న స్టార్ మాలో 'కార్తీకదీపం' మొదలైంది. 2019 ఫిబ్రవరిలో అదే కథ విజయ్ టీవీలో 'భారతి కణ్ణమ్మ' అయింది. రెండింటికీ మూలం మలయాళంలో 2014లో వచ్చిన 'కరుత్తముత్తు', అంటే నల్ల ముత్యం. అక్కడ మొదట ఆ ముత్యంగా కనిపించిన ప్రేమి విశ్వనాథే తెలుగులో మన దీప. తమిళంలో కణ్ణమ్మగా రోషిని హరిప్రియన్, తర్వాత వినూషా దేవి. మా ఇంట్లో ఏడున్నరకు దీప ఏడిస్తే, ఆ తర్వాత కణ్ణమ్మ ఏడ్చేది. చిన్నత్త చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ, ఇద్దరి కోసమూ కొంగు తడుపుకునేది.

ఒకే కథను రెండు భాషల్లో చూడడం మాకు కొత్త కూడా కాదు. రాధిక గారి 'చిత్తి'ని సన్ టీవీలో చూసినవాళ్ళమే జెమినిలో దాన్ని 'పిన్ని'గా చూశాం. అయినా దీప కథ పట్టుకున్నంతగా ఆ కథ మమ్మల్ని పట్టుకోలేదు. ఎందుకో ఆ రాత్రి మిద్దె మీద నాకు తెలిసింది.

ముందు పేర్ల సంగతి చెప్పనివ్వండి, నాకది భలే ఇష్టం. తెలుగులో కార్తీక్, దీప కలిస్తే కార్తీకదీపం. ఆ మాట వినగానే మనకు తులసికోట దగ్గర తెల్లవారుజామున పెట్టే వత్తి గుర్తొస్తుంది. ఒకరు నెల, ఒకరు వెలుగు. తమిళంలో భారతి, కణ్ణమ్మ. సుబ్రహ్మణ్య భారతి కణ్ణమ్మను తలుచుకుని రాసిన పాటలు తమిళ బడిలో చదివిన ప్రతి పిల్లకూ తెలుసు. అక్కడ ఆ పేర్లు వినగానే కవీ, ఆయన ప్రేమించిన రూపమూ కళ్ళ ముందుకొస్తాయి. తెలుగు పేరులో ఇల్లాలు దీపంలా ఇంట్లో వెలుగుతుంది, తమిళ పేరులో పాటలా వీధిలో వినపడుతుంది. మాకు తులసికోటా ఉంది, బళ్ళో నేర్చిన పాటా ఉంది. అందుకే ఏ పేరూ పరాయిదనిపించలేదు.

సరే, ఆ పాత ఎపిసోడ్ దగ్గరికి వద్దాం. పెళ్ళికి ముందు రోజులవి. డాక్టర్ బాబు కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల, కళ్ళలో దాపరికం లేకుండా దీపను చూస్తున్నాడు. ఆమె రంగును కాదు, మనసును. పలమనేరు వదిన గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి, "ఈ పిల్లోడు ఇట్లే ఉండిపోయింటే ఎంత బాగుండు" అంది. అందరం మౌనంగా అయిపోయాం. అప్పట్లో ఆ నెలలు ఎంత తొందరగా గడిచిపోయాయో! మళ్ళీ చూస్తుంటే తెలుస్తోంది, మనం ఆ తర్వాత ఐదేళ్ళు పట్టుకు వేలాడింది ఈ చూపునేనని. ఆడపిల్లను నల్లదని సవతితల్లి చేత, సంబంధాలు చూసేవాళ్ళ చేత తిట్టించి, తర్వాత ఒక్కడి చేత అట్లా చూపించారు. ఆ ఒక్క చూపు కోసం ఎన్ని కష్టాలైనా ఓర్చుకోవచ్చని మనకూ అనిపించింది.

నా మాట చెప్తాను. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాఫీ తాగి, "పిల్ల బాగానే ఉంది, రంగే కొంచెం..." అని వాక్యం పూర్తి చేయకుండా లేచిపోయారు. మా అమ్మ ఆ సాయంత్రం నా మొహానికి పసుపూ శనగపిండీ పట్టించింది. తిట్టలేదు, ఏమీ అనలేదు. ఆ చేతులు వణకడం ఇప్పటికీ నా చెంపకు గుర్తుంది. దీపను చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ చేతులే. అందుకే ప్రేమి విశ్వనాథ్‌కు రంగు పూసి నల్లగా చూపించారని తెలిసిన రోజు నా మనసు చివుక్కుమంది. చామనఛాయ పిల్లలు మన వీధి వీధికీ ఉన్నారు. వాళ్ళలో ఒకరికి ఆ వేషం ఇచ్చి ఉంటే, మా మేనకోడలు తెర మీద తన రంగునే చూసుకునేది. నటన గొప్పది, అందులో రెండో మాట లేదు. ఈ బాధా నిజమే.

ఇక అనుమానం. కార్తీక్‌ను ప్రేమించిన డాక్టర్ మోనిత ఆడిన నాటకంతో, తనకు పిల్లలు పుట్టరని కార్తీక్ నమ్మేశాడు. దీప కడుపుతో ఉంటే విహారి అనే మగవాడి పేరు పెట్టి నిలదీశాడు. ఆమె ఇల్లు వదిలింది. తమిళంలో కణ్ణమ్మ నిండు నెలలతో సంచి పట్టుకుని నడిచిన నడక 2020లో ఊరూరా మాటయింది, ఫోన్లలో దాన్ని నవ్వులాటగా తిప్పారు. మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. పుట్టింటికి అట్లా నడిచి వచ్చిన ఆడపిల్లలు మా వీధిలో ఉన్నారు.

వేలూరులో ఉండే మా పెద్దమ్మ కూతురు నర్సు. సీఎంసీ ఆసుపత్రి ఉన్న ఊరది, దేశం నలుమూలల నుంచీ జనం వైద్యానికి వచ్చే ఊరు. ఆ ఊళ్ళో అందరికీ ఒకటే కోపం. "వాడే డాక్టరు గదమ్మే! ఆ ఒక్క పరీక్ష చేయించుకుంటే ఒక్క రోజులో తేలిపోతుంది గదా!" కూరగాయల అంగడి దగ్గరా ఇదే మాట, బస్సులోనూ ఇదే మాట. డీఎన్‌ఏ అన్న మూడక్షరాలు మా చిన్నత్త నోట పలికింది ఆ సీరియల్ వల్లే. తమిళంలో అయితే ఆ పరీక్ష కథ చివరికి వచ్చేదాకా జరగలేదు.

ఆ రాత్రి మా నర్సక్క వేరే మాట అంది. "పరీక్ష చేస్తే ఏమయ్యేది? కాగితం చూసి నమ్మేవాడు. అప్పుడైనా ఆమెను నమ్మినట్టు కాదు గదా" అంది. నేను ఒక్కసారి లేచి కూర్చున్నాను. ఇన్నేళ్ళూ మనం కాగితం కోసం ఎదురుచూశాం చెల్లెళ్ళూ. దీప మాత్రం ఒక్క మాట కోసం ఎదురుచూసింది. ఈ తేడా నాకు మొదటిసారి చూసినప్పుడు తట్టనే లేదు.

కింద వీధిలో డప్పులు వినిపిస్తున్నాయి. ఆ సిరసు ఎవరిది? రేణుకది. ఏటి నీళ్ళలో పడిన నీడను చూసి ఆమె మనసు ఒక్క క్షణం చలించిందని భర్త జమదగ్నికి కోపమొచ్చింది, కొడుకు చేతనే తల తీయించాడు. ఆ తల్లి తలను ప్రతి ఏడూ మా ఊరు పూలదండలతో మోసుకొచ్చి మొండేనికి చేరుస్తుంది. మొగుడి అనుమానానికి బలైన ఆడదాని కథ మా ఊరికి ఏ టీవీ చెప్పాల్సిన పనిలేదు. మా అవ్వలు, వాళ్ళ అవ్వలు కూడా ఆ తలకు హారతి పట్టినవాళ్ళే. దీప కథ మాలో అంత లోతుకు ఎందుకు దిగిందో ఇప్పుడు అర్థమైందా?

దీప అత్త సౌందర్య గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అర్చనా అనంత్ ఆ పాత్రను మోసిన తీరుకు దండం పెట్టాలి. మొదట్లో నల్ల కోడలంటే గిట్టని అత్త. కవలలు పుట్టినప్పుడు ఒక బిడ్డను ఎవరికీ చెప్పకుండా తెచ్చి, హిమ అని కొడుకు ఇంట్లోనే పెంచింది. రెండో బిడ్డ శౌర్య దీప దగ్గర పెరిగింది. తల్లి నుంచి బిడ్డను దాచడం పాపమే, నేను కాదనను. కానీ ఆ బిడ్డను పెంచుతూ పెంచుతూ ఆమె మెత్తబడింది. కొడుకు ముఖం మీదే కోడలి పక్షాన నిలబడింది. కట్టుకున్నవాడు నమ్మకముందే అత్త నమ్మింది! ఈసారి చూస్తుంటే, నాకు ఈ సీరియల్‌లో అసలు ప్రేమకథ అత్తాకోడళ్ళదే అనిపించింది. కాఠిన్యం కరగడం, తప్పు ఒప్పుకోవడం, పక్కన నిలబడడం, అన్నీ ఆ ఇద్దరి మధ్యే జరిగాయి. మా అత్తగారు నా రంగు గురించి ఒక మాట అని, పదకొండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నా తలకు నూనె రాస్తూ, "అప్పుడట్లా అనుండకూడదమ్మా" అంది. ఆ మాట నా పెళ్ళినాటి నగలన్నిటికంటే విలువైనది.

ఇక వంటలక్క. దీపను అందరూ ఆ పేరుతోనే పిలిచారు గదా! పట్నంలో బిడ్డను చంకనేసుకుని, గరిటె పట్టుకుని, నలుగురికీ వండిపెట్టి బతికింది. మా చిన్నత్తకు ఈ ఘట్టాలంటేనే ప్రాణం. గుడియాత్తంలో అగ్గిపెట్టెలు చేసే చేతులు, లుంగీల పని చేసే చేతులు, బీడీలు చుట్టే చేతులు ఎక్కువ. మొగుడు వదిలేస్తే రోజుకు ఎన్ని చుట్టాలో లెక్క వేసుకుని బతికిన ఆడవాళ్ళు చిన్నత్త ఈడువాళ్ళలో ఎంతమంది! "ఏడస్తా కూర్చోకుండా పొయ్యి వెలిగించింది సూడు, అందుకే నాకా పిల్లంటే ఇష్టం" అంటుంది చిన్నత్త. చేతిలో పొగాకు వాసన, కళ్ళలో నీళ్ళు.

మోనిత గురించి వదిన ఒక్కతే మాట్లాడింది. శోభా శెట్టి ఆ పాత్రను ఎంత బాగా చేసిందంటే, తెర మీద ఆమె కనిపిస్తే మా అవ్వ టీవీ వైపు చెయ్యి విదిలించి తిట్టేది. దొరకని ప్రేమ ఎంత చెరుపు చేస్తుందో ఆమెలో చూశాం. 2022లో దీపనూ కార్తీక్‌నూ ప్రమాదంలో తీసేసి పిల్లలను పెద్దవాళ్ళను చేసినప్పుడు మా ఇంట్లో టీవీ కొన్నాళ్ళు ఆ వేళకు ఆగిపోయింది. ఆ జంటను మళ్ళీ తెచ్చారు, 2023 జనవరిలో కథ ముగించారు. 2024 మార్చిలో 'ఇది నవవసంతం' అంటూ అదే జంటతో వేరే కథ వచ్చింది. అది చూస్తాం, బాగుంటుంది, కానీ గుండెలో ఉన్నది మొదటిదే.

మా మేనకోడలు తమిళ మీడియం పిల్ల. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక, మా పిల్లల్లో చాలామంది తెలుగు అక్షరాలు బడిలో నేర్చుకోలేదు. ఆ రాత్రి ఫోన్లో టైటిల్ పడగానే అది వేలు పెట్టి, "అత్తా, ఇది కా, దీర్ఘం, ఈ కింద వంకర తా వత్తు..." అని కూడబలుక్కుంటూ చదివింది. దానికి చదవడం వచ్చిన మొదటి తెలుగు మాట అదే. ఆ వెలుగులో దాని చామనఛాయ ముఖం చూస్తూ నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

అదే పిల్ల తలెత్తి అడిగింది. "అత్తా, సిరసు అతికించాక రేణుకమ్మ మొగుడితో మాట్లాడిందా?"

నాకు తెలియలేదు. నర్సక్క కూడా నోరు తెరవలేదు. చిన్నత్త బీడీ దారం పళ్ళతో తెంపి, "మాట్లాడకుండా ఉంటాదా? 'తల తీయించే ముందు నన్నొక మాట అడగలేకపోతివా' అని అడిగుంటాది" అంది.

అప్పుడే కౌండిన్య ఏటి దిక్కున బాణసంచా మొదలైంది. అందరం పిట్టగోడ దగ్గరికి నడిచాం.