మగ్గం ఎందుకు ఆగిందో చెప్పగలవారికే కొలువు

నేత మిల్లుల్లో ఉత్పాదకత అనగానే టెక్స్‌టైల్, మెకానికల్ చదివే విద్యార్థులకు ముందుగా తట్టేది వేగం. నాడెతో నడిచే మామూలు మరమగ్గం నిమిషానికి 120 నుంచి 140 పిక్‌లు (పేక పోగులు) వేస్తుంది. రేపియర్ మగ్గం 400 నుంచి 600 వేస్తుంది, ఎయిర్‌జెట్ 800 దాటిపోతుంది. ఈ అంకెలు చూసి, కొత్త యంత్రం కొని వేగం పెంచితే సరిపోతుందని అనుకోవడం సహజమే. కానీ లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. నిమిషానికి 600 పిక్‌ల మగ్గం 85 శాతం సామర్థ్యంతో నడిస్తే నిజంగా పడే పిక్‌లు 510. వేగాన్ని 660కి పెంచారనుకుందాం. ఆ వేగపు అదురుకు పోగులు ఎక్కువగా తెగి సామర్థ్యం 75 శాతానికి పడిపోతే వచ్చేవి 495 మాత్రమే. కరెంటు ఖర్చు పెరిగింది, యంత్రం అరిగింది, బట్ట తగ్గింది. అదే వేగం జోలికి పోకుండా స్టాపేజీలు తగ్గించి సామర్థ్యాన్ని 92 శాతానికి తెచ్చారనుకోండి. అంగుళానికి 60 పిక్‌ల బట్టలో 8 గంటల షిఫ్టుకు 104 మీటర్ల చోట 112 మీటర్లు వస్తాయి. ఈ రంగంలో స్థిరపడాలనుకునేవారు నేర్చుకోవాల్సిన అసలు విద్య మగ్గం ఎందుకు ఆగిందో కనిపెట్టడం.

మిల్లుల్లో స్టాపేజీలను లక్ష పిక్‌లకు ఎన్ని అని లెక్కిస్తారు. 600 పిక్‌ల మగ్గం గంటకు 36 వేల పిక్‌లు వేస్తుంది. లక్షకు 8 సార్లు ఆగేదైతే గంటకు దాదాపు మూడుసార్లు ఆగినట్టు. ఒక నేత కార్మికుడికి ఇలాంటి మగ్గాలు 20 అప్పగిస్తే గంటకు దాదాపు 58 సార్లు పోగు అతికించాలి. ఒక్కోదానికి నిమిషం పట్టినా గంటంతా దానికే సరిపోతుంది, నడిచి వెళ్లే సమయం కూడా మిగలదు. ఒకటి సరిచేస్తుంటే మరో రెండు ఆగి అతని కోసం ఎదురుచూస్తుంటాయి. ఈ ఎదురుచూపును లెక్కకట్టడం గణిత శాస్త్రజ్ఞులకే పని పెట్టింది. బ్రిటిష్ పత్తి పరిశ్రమ పరిశోధన సంస్థలో పనిచేసిన టిప్పెట్, షెడ్డులో అప్పుడప్పుడు తిరుగుతూ ఎన్ని మగ్గాలు నడుస్తున్నాయో, ఎన్ని ఆగాయో క్షణంలో నమోదు చేసే పద్ధతిని 1935లో వివరించాడు. నేడు అనేక పరిశ్రమల్లో వాడే వర్క్ శాంప్లింగ్‌కు అదే మూలం. తర్వాతి కాలంలో ప్రసిద్ధుడైన సంఖ్యాశాస్త్రవేత్త డేవిడ్ కాక్స్ కూడా లీడ్స్‌లోని ఉన్ని పరిశోధన సంస్థలో పనిచేసినవాడే. అందుకే స్టాటిస్టిక్స్ చదివినవారు కూడా ఈ తలుపు తట్టవచ్చు.

అయితే లెక్కలు కారణం చెప్పవు. మగ్గం మీద తెగిన పోగుకు కారణం చాలాసార్లు మగ్గంలో ఉండదు, అంతకు ముందే ఎక్కడో పడి ఉంటుంది. నూలు చుట్టేటప్పుడు సన్నటి చోట్లు వదిలేసినా, వార్పింగ్‌లో పోగుల బిగువు ఒక్క తీరుగా లేకపోయినా, సైజింగ్‌లో గంజి తక్కువైనా ఎక్కువైనా అది బయటపడేది మగ్గం మీదే. గంజి తక్కువైతే పోగు రేగుతుంది, ఎక్కువైతే పెళుసుబారుతుంది. గాలిలో తేమ మరో సంగతి. నూలు పోగుకు తేమ ఉంటేనే బలం, ఎండాకాలం మధ్యాహ్నం షెడ్డు పొడిబారితే తెగడం పెరుగుతుంది. పాలిస్టర్‌కు అంత తేమ అక్కర్లేదు, కాబట్టి ఒక మిల్లు సూత్రం మరో మిల్లుకు పనికిరాదు. ఎయిర్‌జెట్ షెడ్డులో కంప్రెసర్ గాలి లీకవుతుంటే మగ్గం బాగానే ఉన్నా పేక అవతలి అంచుకు చేరదు. ఇవన్నీ తెలిసినవాడే మనిషిని తిట్టకుండా, యంత్రాన్ని మార్చకుండా ఉత్పత్తి పెంచగలడు.

తప్పును పుట్టిన చోటే పట్టుకోవాలన్న ఆలోచనకు గొప్ప ఉదాహరణ జపాన్‌లో ఉంది. సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన జి-రకం మగ్గం, పోగు తెగగానే తనంతట తాను ఆగిపోయేది, నడుస్తుండగానే నాడె మార్చుకునేది. తప్పు జరిగిన క్షణంలోనే ఆగడం వల్ల చెడిన బట్ట తగ్గింది, ఒక్క మనిషి ఎన్నో మగ్గాలు చూడగలిగాడు. దాని పేటెంటు హక్కులను 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు కొన్నది. తర్వాత కార్ల తయారీలో టొయోటా పాటించిన పద్ధతికి ఉన్న పునాదుల్లో ఆ మగ్గం ఒకటి.

ఇక అభ్యంతరాలు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) ఆగేది పోగు తెగి కాదు, ఆర్డర్లు లేక అంటారు. ఇందులో నిజం ఉంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల వంటి ప్రభుత్వ ఆర్డర్ల మీదే అక్కడి ఆసాములు (మగ్గాలు నడిపించేవారు), కార్మికులు ఎంతగా ఆధారపడ్డారో అందరికీ తెలుసు. కానీ బయటి ఆర్డర్లు రాకపోవడానికి నాణ్యత కూడా ఒక కారణం. మగ్గం ఆగి మళ్లీ మొదలైన చోట బట్టలో గీత పడే ప్రమాదం ఉంటుంది. ఎగుమతి కొనుగోలుదారులు గజాల లెక్కన లోపాలకు పాయింట్లు వేసి, హద్దు దాటితే తిప్పి పంపేస్తారు. స్టాపేజీలు తగ్గించడమంటే ఆ మార్కెట్‌కు అర్హత సంపాదించడం.

ఉత్పాదకత పెరిగితే ఉపాధి పోతుందనే భయాన్ని కొట్టిపారేయలేను. కొత్త షెడ్డులో తక్కువమంది ఎక్కువ మగ్గాలు చూస్తారు, అది వాస్తవం. నా అభిప్రాయం ఒక్కటే. స్టాపేజీలు తగ్గించకుండా కార్మికుడికి మగ్గాలు పెంచడం ఉత్పాదకత కాదు, గొడ్డు చాకిరీ. ఇంజనీరు ముందు పోగులు తెగడం తగ్గించి చూపాలి, తర్వాతే పని పంపకం మాట ఎత్తాలి. ఇక మగ్గాలను గమనించే సాఫ్ట్‌వేరే అన్నీ చెప్పేస్తుందన్న మాట సగమే నిజం. తెర మీద ఏ మగ్గం ఎన్నిసార్లు ఆగిందో కనిపిస్తుంది. దువ్వెన లాంటి రీడ్‌లో ఒక పన్ను అరిగిందా, గంజి కుదరలేదా అన్నది చెయ్యి పెట్టి చూసిన మనిషే చెప్పాలి. జీతం విషయంలో మాత్రం దాపరికం వద్దు. మొదట్లో ఐటీతో పోటీ పడదు, షిఫ్టులు ఉంటాయి, నాడె మగ్గాల షెడ్డులో చెవులు దిబ్బళ్లు పడేంత చప్పుడు ఉంటుంది. చెవులకు రక్షణ లేని చోట చేరవద్దు.

చదువుకు దారులు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ టెక్నాలజీ కళాశాల బీటెక్ టెక్స్‌టైల్ టెక్నాలజీ అందిస్తోంది. వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. పై చదువుకు ఐఐటీ ఢిల్లీ, కోయంబత్తూరు పీఎస్‌జీ ఉన్నాయి. కోయంబత్తూరులోని సిట్రా, అహ్మదాబాద్‌లోని అటిరా ఈ రంగంలో పేరున్న పరిశోధన సంస్థలు. పికనోల్, ఇటెమా, టొయోటా వంటి యంత్ర తయారీదారుల సర్వీసు విభాగాలకు ఎలక్ట్రానిక్స్, మెకానికల్ వారు కూడా వెళ్లవచ్చు. షోలాపూర్, భివండీ, సూరత్‌లలో మగ్గాలు నడిపే తెలుగు కుటుంబాల పిల్లలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మీ ఇంట్లోవాళ్లకు మగ్గం శబ్దం వినగానే తేడా తెలుస్తుంది. ఆ పరిజ్ఞానానికి లెక్క, చదువు తోడైతే మీతో పోటీ పడేవారు తక్కువ. ఇంటర్న్‌షిప్ దొరికినప్పుడు ఆఫీసు గదిలో కూర్చోకుండా షెడ్డులో నిలబడండి. ఒక షిఫ్టులో పది మగ్గాలు ఎప్పుడు, ఎందుకు ఆగాయో చేత్తో రాసి, ఆ కాగితాన్ని ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి.