పొట్లం దొరికితే లాకప్పేనా?

తమిళనాడులోని కోవిల్‌పట్టి సబ్‌జైలు పేరు దేశమంతా వినబడింది 2020 జూన్‌లో. సాత్తాన్‌కుళంలో సెల్‌ఫోన్ల కొట్టు నడుపుకునే జయరాజ్, ఆయన కొడుకు బెన్నిక్స్ లాక్‌డౌన్ వేళ దాటాక కూడా కొట్టు తెరిచి ఉంచారన్నది ఆరోపణ. జూన్ 19న పోలీసులు పట్టుకెళ్లారు. మర్నాడు మెజిస్ట్రేటు రిమాండు రాశారు. వంద కిలోమీటర్ల దూరాన ఉన్న కోవిల్‌పట్టి సబ్‌జైలుకు పంపారు. 22వ తేదీ రాత్రి కొడుకు, 23 తెల్లవారుజామున తండ్రి అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చనిపోయారు. స్టేషన్లో చిత్రహింసలు పెట్టారంటూ సీబీఐ తొమ్మిదిమంది పోలీసుల మీద ఛార్జిషీటు వేసింది.

ఆ దెబ్బల గురించి ఊరూవాడా మాట్లాడుకుంది, మాట్లాడుకోవాలి కూడా. దానికి ముందు అడగాల్సిన ప్రశ్న మాత్రం మరుగున పడింది: అసలు అరెస్టు ఎందుకు? ఎఫ్ఐఆర్‌లో పెట్టిన సెక్షన్లలో ఏడేళ్లు దాటి శిక్ష పడేది ఒక్కటీ లేదు. అలాంటి కేసుల్లో అలవాటుగా అరెస్టు చేయొద్దనీ, మెజిస్ట్రేట్లు కళ్లు మూసుకుని రిమాండు ఇవ్వొద్దనీ సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో 2014 జులైలోనే చెప్పింది. నోటీసిచ్చి పంపేసి ఉంటే తండ్రీకొడుకులు ఆ రాత్రి ఇంట్లో పడుకునేవాళ్లు.

ఇప్పుడు గంజాయి సంగతికి వద్దాం. తమిళనాడు పోలీసులు 2021 డిసెంబరు నుంచి 'ఆపరేషన్ గంజా వేట్టై' పేరుతో దఫదఫాలుగా దాడులు చేశారు. సరుకు చాలావరకు మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల నుంచి వస్తున్నదే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రా పోలీసులు రెండు లక్షల కిలోల దాకా తగలబెట్టారు. పెద్ద వ్యాపారుల మీద వేట ఎంత గట్టిగా సాగినా తప్పులేదు. చిక్కల్లా ఆ వలలో జేబులో పది గ్రాముల పొట్లం ఉన్న కుర్రాడు కూడా పడటమే. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలు బోలెడు. పిల్లాణ్ణి స్టేషనుకు తీసుకెళ్లారనగానే పెద్దవాళ్లు చేసే మొదటి పని ఎవరి కాళ్లు పట్టుకోవాలా అని వెతకడం. దానికన్నా ముందు తూకం ఎంతో అడగండి.

మాదకద్రవ్యాల కేసులు చూసే ఎన్‌డీపీఎస్ చట్టంలో అన్నీ తూకం మీదే నడుస్తాయి. ఎండు గంజాయి ఒక కిలో వరకు 'చిన్న పరిమాణం': శిక్ష ఏడాది వరకు కఠిన జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో దాటితే పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్లు. చరస్ అయితే 'చిన్న' హద్దు వంద గ్రాములే. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. అవి లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా ఆ లెక్కలోకి రావు. వేరే పదార్థంతో కలిపి ఉంటే మాత్రం 2020 నాటి హీరా సింగ్ తీర్పు ప్రకారం మొత్తం మిశ్రమాన్నీ తూచవచ్చు. అందుకే తూకం ఎక్కడ, ఎవరి ముందు వేశారన్నది పంచనామాలో ఉండాలి.

శిక్ష ఏడాదే కాబట్టి ఏడేళ్ల లోపు నేరాలకు వర్తించే నోటీసు పద్ధతి దీనికీ వర్తిస్తుంది. పాత సీఆర్‌పీసీలో అది 41ఏ. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35(3). అరెస్టు అవసరం లేదనిపిస్తే పోలీసులు ఫలానా తేదీకి హాజరవమని నోటీసు ఇవ్వాలి. చెప్పినట్టు వస్తూ ఉంటే అరెస్టు చేయకూడదు. చేయాలనుకుంటే కారణాలు రాయాలి. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అరవై దాటినవాళ్లనూ, ఒంట్లో బాగోలేనివాళ్లనూ మూడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసులో అరెస్టు చేయాలంటే డీఎస్పీ హోదా తగ్గని అధికారి అనుమతి కావాలి.

ఇది మాఫీ చీటీ కాదు. కేసు నడుస్తుంది, రుజువైతే శిక్ష పడుతుంది. నోటీసు తీసుకుని ఊరు విడిచి పోయినవాణ్ణి అరెస్టు చేయడానికి ఆ సెక్షనే దారి ఇస్తుంది. పోలీసులు సాధారణంగా చెప్పే మాట "ఎన్‌డీపీఎస్ కదా, అన్నీ నాన్‌బెయిలబులే" అని. దీని మీద హైకోర్టులు తలోమాట అన్నాయి. చిన్న పరిమాణం బెయిలబులేనని ఢిల్లీ 2012లో అంటే, అన్నీ నాన్‌బెయిలబులేనని బాంబే 2020లో రియా చక్రవర్తి కేసులో అంది. ఏది ఒప్పయినా, 37వ సెక్షన్‌లోని కఠినమైన బెయిలు షరతులు చిన్న పరిమాణానికి అంటవు. నాన్‌బెయిలబుల్ అయినంత మాత్రాన అరెస్టు చేసి తీరాలనీ లేదు.

బహిరంగంగా బీడీ కాలిస్తే రెండువందలు కట్టించుకుని రసీదిచ్చి పంపేస్తారు. గంజాయికి మనదేశంలో ఆ ఏర్పాటు లేదు. టెక్సాస్‌లో 2007 నుంచి ఉంది. నాలుగు ఔన్సుల లోపు దొరికిన స్థానికుణ్ణి జైలుకు తీసుకెళ్లకుండా, కోర్టు తేదీ వేసిన సైటేషన్ చేతికిచ్చి పోలీసు పంపేయవచ్చు. అయితే డాలస్‌లో చదివే మనవాళ్లు చీటీయే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ కేసు వీసాకు ముప్పు తేగలదు. ఇక్కడా సొంతానికి వాడే చిన్న పరిమాణాన్ని నేరంగా చూడొద్దన్న ఆలోచన 2021లో ఢిల్లీలో నడిచిందని వార్తలొచ్చాయి. ఆ ఏడాది పార్లమెంటులో నెగ్గిన సవరణ మాత్రం 27ఏ సెక్షన్‌కు సంబంధించిన ఒక పొరపాటును దిద్దుకుని ఊరుకుంది.

తనిఖీ ఘట్టం చాలామందికి తెలియదు. ఒంటి మీద వెతికేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందో మెజిస్ట్రేటు ముందో వెతకమని అడిగే హక్కు ఎన్‌డీపీఎస్ 50వ సెక్షన్ ఇచ్చింది. ఆ హక్కు ఉందని ముందుగా చెప్పాల్సింది పోలీసులే. ఆడవాళ్లను ఆడవాళ్లే తనిఖీ చేయాలి. చేతిసంచిలో దొరికితే మాత్రం ఈ రక్షణ పనిచేయదు, జేబుకే. 'నాదే' అని అధికారి ముందు రాసిచ్చిన కాగితం సాక్ష్యంగా చెల్లదని తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఆ కేసు కూడా తమిళనాడుదే.

అరెస్టే చేస్తే కారణాలు అతనికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోవిల్‌పట్టివాళ్లకు తమిళం వచ్చు కాబట్టి వాళ్లకు పెద్ద తేడా పడదు. గుంటూరు నుంచి మిర్చి లోడుతో విరుదునగర్ వచ్చిన లారీ డ్రైవరుకు పడుతుంది. తమిళంలో రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటే "తెలుగులో ఇవ్వండి సార్" అని అడగడం ఎదురు తిరగడం కాదు. ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, ఇరవైనాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందుంచాలి. ఆ మెజిస్ట్రేటుకే నేరుగా చెప్పండి: నోటీసు ఇవ్వలేదని, కొట్టి ఉంటే కొట్టారని.

పద్దెనిమిది నిండని పిల్లాడైతే ఇంత కొద్దిపాటి నేరానికి, పెద్దవాళ్లతో కలిసి చేయనప్పుడు, అసలు ఎఫ్ఐఆరే రాయకూడదు. బాలల న్యాయ నిబంధనలు ఆ మాట అంటున్నాయి. లాకప్పు, బేడీలు మరీ నిషిద్ధం. అలవాటు పడినవాడు తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే చిన్న పరిమాణం కేసులో విచారణ నుంచి మినహాయింపు పొందే వీలు ఎన్‌డీపీఎస్ 64ఏ సెక్షన్‌లో ఉంది. దీన్ని వాడుకునేవాళ్లు మరీ తక్కువ, చెప్పే వకీళ్లు ఇంకా తక్కువ. వ్యసనం మానాలనుకునేవాళ్లకు 14446 నంబరు ఉంది. ఒక హెచ్చరిక: అమ్మకం అలవాటుందని ముద్ర పడితే తమిళనాడు 1982 నాటి గూండా చట్టం కింద ఏడాది దాకా ముందస్తు నిర్బంధంలో ఉంచవచ్చు.

వకీలుకు డబ్బు లేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. విరుదునగర్ వాళ్లు జిల్లా కోర్టు కోసం విరుదునగర్లో వెతుక్కోవద్దు, అది శ్రీవిల్లిపుత్తూరులో ఉంది. వెళ్లేటప్పుడు నోటీసు, ఎఫ్ఐఆర్ ప్రతి, పంచనామా నకలు వెంట తీసుకెళ్లండి. చేతికి నోటీసు ఇవ్వకపోతే ఆ సంగతి తేదీ, టైముతో సహా ఒక తెల్లకాగితం మీద రాసి పెట్టుకోండి.