నెమ్మదిగా పరిగెత్తే ధైర్యం

కెనడాలో మిల్టన్ అనే ఊళ్లో ఒక శ్మశానవాటిక ఉంది. ఎడ్ విట్‌లాక్ అనే రిటైర్డ్ మైనింగ్ ఇంజనీరు డెబ్బై దాటాక సాధన ఎక్కువగా అందులోనే చేసేవాడు. సమాధుల మధ్య చిన్న దారి, దాని మీదే చుట్టూ చుట్టూ, కొన్ని రోజులు ఏకంగా మూడు గంటలు. పొట్టి పొట్టి అంగలు, కాళ్లీడుస్తున్నాడా అనిపించే వేగం. కోచ్ లేడు. పైగా ఈ సాధన తనకు మహా విసుగని నిర్మొహమాటంగా చెప్పేవాడు. ఆయనే 2003లో టొరంటోలో, 72 ఏళ్ల వయసులో, మారథాన్‌ను 2 గంటల 59 నిమిషాల 10 సెకన్లలో పూర్తిచేశాడు. డెబ్బై దాటాక మూడు గంటల లోపు ఆ దూరం పరిగెత్తిన మొదటి మనిషి.

మన దగ్గర వ్యవహారం తలకిందులు. రోజూ పందెమే. పొద్దున్నే పరుగెత్తి రాగానే వాచీ స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో పడాలి. పక్కన కుర్రాడు దాటిపోతే అరవై ఏళ్ల మనిషికి పౌరుషం వచ్చేస్తుంది. ఆ పౌరుషం ఖరీదు వారం తర్వాత తెలుస్తుంది: పిక్క పట్టేస్తుంది, మడమ వెనక నొప్పి మొదలవుతుంది, తీరా అసలు పందెం నాటికి మెట్లు దిగడమే గగనం.

వయసు పెరిగేకొద్దీ గుండె అందుకోగల గరిష్ఠ వేగం ఏడాదికి సుమారు ఒక బీట్ చొప్పున తగ్గుతుంది. సాధన చేసేవాళ్లకూ ఇందులో మినహాయింపు లేదు. ఒళ్లు ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి కూడా, కదలకుండా కూర్చునేవాళ్లలో పదేళ్లకు 10 శాతం దాకా పడిపోతుంది. పట్టువదలకుండా పరిగెత్తేవాళ్లలో ఆ పతనం మెల్లగా సాగుతుంది, అంతే. కండ తరుగుతుంది కాబట్టి వారానికి రెండుసార్లయినా గుంజీళ్లో, బరువులో తప్పవు. గట్టిగా పరిగెత్తిన రోజు తర్వాత ఇరవైల్లో ఒక్క రాత్రి నిద్ర చాలేది. ఇప్పుడు రెండు మూడు రోజులు తేలిక పరుగో, నడకో కావాలి. ఛాతీలో బరువుగా అనిపిస్తే మాత్రం ధైర్యం ప్రసక్తే వద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

విట్‌లాక్ అంకెలు మళ్లీ చూడండి. 48 ఏళ్లప్పుడు ఆయన మారథాన్ సమయం 2 గంటల 31 నిమిషాలు. 73 ఏళ్లకు 2 గంటల 54 నిమిషాలు. అంటే పాతికేళ్లలో పోయింది పాతిక నిమిషాల లోపే. 2016లో, 85 ఏళ్లకు, 3 గంటల 56 నిమిషాలు. ఈ పన్నెండేళ్లలో గంటకు పైగా పోయింది. అయినా ఆ వయసులో అంతకుముందు ఎవరూ నాలుగు గంటల లోపు పరిగెత్తలేదు. మధ్యలో గాయాలతో నెలల తరబడి పరుగు ఆగిన సందర్భాలూ ఉన్నాయి. తన వేగం తనను విడిచిపోతుంటే, నిరుటి టైమింగ్‌ను పట్టుకుని వేలాడే మనిషైతే ఎప్పుడో బూట్లు అటకెక్కించేవాడు.

మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో 35 ఏళ్ల నుంచి అయిదేళ్లకో విభాగం ఉంటుంది. అందుకే వయసు పెరిగిందని సంబరపడే జాతి లోకంలో ఈ మాస్టర్స్ పరుగువాళ్లదొక్కటే అనుకుంటాను. 59 ఏళ్లవాడు తన విభాగంలో పెద్దన్న. షష్టిపూర్తి కాగానే కొత్త విభాగంలో కుర్రాడు!

పందేలు ఎంచుకోవడంలోనూ వయసు లెక్క చూసుకోవాల్సిందే. ఆగస్టు చివర హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి, పైగా ఉక్కపోత. వయసుతో దాహం తెలియడం మందగిస్తుంది కాబట్టి ఒళ్లు నీళ్లు అడిగేదాకా ఆగకూడదు. అలాంటి చోట, నిరుడు చలికాలంలో చదునైన రోడ్డు మీద వచ్చిన టైమింగ్ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం దండగ. మొదటి సగం వెనకబడి పరిగెత్తితే ఏమీ పోదు. 42 కిలోమీటర్లు బరువనిపిస్తే 21, అదీ కాకపోతే 10. ముసలితనంలో మారథాన్‌లు పరిగెత్తిన ఫౌజా సింగ్ వందేళ్లు దాటాక, 2013లో హాంకాంగ్‌లో ఆఖరి పందెంగా ఎంచుకున్నది 10 కిలోమీటర్లే. ఆ తర్వాత పందేలు మానేశాడు గానీ, నడక మానలేదు.