పైథాను వివరణములలో సులభవాక్యము

మన జిల్లాలో జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురిసిన వర్షమును కూడుటకై ఒక బాలుడు పైథాను భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసెననుకొందము. నెలల సంఖ్యలు 6 మొదలు 9 వరకు గనుక, అతడు రేంజ్(6, 9) అని వ్రాయును. యంత్రము తప్పు చూపదు. మొత్తమును తెరపై చూపును. కాని అందు సెప్టెంబరు లేదు! అనంతపురమున సాధారణముగా ఎల్ల నెలలకంటె అధికముగా వాన కురియు నెల అదియే. వేరుసెనగ పైరు గలవారికి ఆ నెల పోయిన లెక్క యెందులకు?

వివరణ గ్రంథమున ఈ సంగతి లేకపోలేదు. అయితే దానిని మనము తెలుగున “ప్రమేయమునకు సమర్పింపబడిన అంత్యావధి ఉత్పన్నశ్రేణియందు అంతర్భూతము కాదు” అని వ్రాసితిమేని తొమ్మిదవ తరగతి పిల్లవానికి ఏమి బోధపడును? “రేంజ్(6, 9) అన్న 6, 7, 8 వచ్చును, 9 రాదు. 9 కావలెనన్న రేంజ్(6, 10) అని వ్రాయుము.” ఇంతమాత్రము చాలును. కొందరు ఇంకను సులభము చేయబోయి “6 నుండి 9 వరకు సంఖ్యల నిచ్చును” అందురు. ఇది చదువుటకు హాయిగా నుండును గాని అబద్ధము. కఠినవాక్యముకంటె దీనివలననే హాని యెక్కువయని మా అభిప్రాయము. ఏలయన కఠినవాక్యమును చదివినవాడు తనకు తెలియలేదనియైన ఎరుగును. ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు బోధించువారికి ఈ చిక్కు క్రొత్తది కాదు.

ఇక పదముల మాట. రేంజ్, ప్రింట్ మున్నగునవి ఇంగ్లీషు అక్షరములతో టైపు చేయవలసిన పేర్లు, వానిని అనువదింపరాదు. చలరాశి గణితమున వాడుకలో నున్నది, ఉండనిండు. లూపునకు క్రొత్త సంస్కృతపదము కల్పించినచో పిల్లవాడు ఒకదానికి బదులు రెండు మాటలు నేర్వవలసివచ్చును.

విమానముల మరమ్మతు పుస్తకములకై ఐరోపా వైమానిక పరిశ్రమవారు 1986లోనే సులభాంగ్ల నియమములను వెలువరించిరి. వాని నేటి రూపమున, పని చెప్పు వాక్యము 20 మాటలకు మించరాదు.

1991లో వెలువడిన పైథాను సైతము తన మాటను దిద్దుకొనినది. కుండలీకరణము మూయ మరచిన, పూర్వము “అనుకోని ముగింపు” అను భావముగల సందేశము వచ్చెడిది. 2021లో వచ్చిన 3.10వ కూర్పు మొదలు, ఏ కుండలీకరణము మూయబడలేదో పేర్కొని, అది తెరచిన చోటును చూపుచున్నది.

మా తరగతివారు ఒక్కొక్క వివరణమును తెలుగున వ్రాసి, క్రింది తరగతి పిల్లల కిత్తురు. వారు దానిని చదివి ప్రోగ్రాము వ్రాయలేకపోయినచో, వ్రాసినవారే తిరిగి వ్రాయుదురు.