స్థూలకాయ కౌమారులు – ఆక్సీకరణ నిరోధక విటమినులు

కౌమారమునందే మేనఁ గొవ్వు మితిమీఱి పేరుకొనినచో, ఆ కణజాలము శోథకారక రసాయనములను ఎడతెగక వెలువరించుటచేత ఆక్సీకరణ ఒత్తిడి హెచ్చి, రక్తమందలి ఎల్‌డీఎల్ కొలెస్టరాలు ఆక్సీకృతమై, ధమనుల లోపొరను చెఱుప నారంభించును. 5 మొదలు 19 ఏండ్లవారికి శరీర ద్రవ్యరాశి సూచిక ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన మధ్యగతమును రెండు ప్రామాణిక విచలనములకు మించి దాఁటినచో అది స్థూలకాయము; దీనిని పెద్దలకు వర్తించు 30 అను కొలతతో పొరపడరాదు.

సి, ఇ విటమినులును బీటా కెరోటినును ఆక్సీకరణమును అడ్డునవే యైనను, మాత్రలుగా మ్రింగినంతనే హృదయరక్షణము కలుగునన్న ఆశ, ప్రకటనకర్తలు నేఁటికిని తల్లిదండ్రులకు విక్రయించుచున్న ఆ ఆశ, పరీక్షలకు నిలువలేదు. 2000లో వెలువడిన హోప్ పరిశోధనయందు దినమునకు 400 యూనిట్ల ఇ విటమిను హృద్రోగ ప్రమాదము గలవారిని కాపాడలేదు. 1994 నాఁటి ఫిన్లండు పరిశోధనయందు బీటా కెరోటిను పొగత్రాగు పురుషులలో ఊపిరితిత్తుల క్యాన్సరును హెచ్చించెను. ఇవి రెండును పెద్దలపై జరిగినవే.