ముళ్ళకంచె, మట్టికోట, కృష్ణజింక



ఈ ఏడు ఉపకార వేతనం అందుకున్న పిల్లలందరికీ అభినందనలు. ఈ సంచికలో పరీక్షల గురించి కాకుండా, మన కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ ఉన్న ముళ్ళ అడవి గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. నేను చదివింది బి.కాం. పనిచేసింది బ్యాంకులో గుమాస్తాగా. చరిత్ర పండితుణ్ణి కాను. అయితే పాత ఖాతా పుస్తకం పోతే ఎంత నష్టమో జీవితమంతా చూసినవాణ్ణి. అడవి కూడా ఒక ఖాతా పుస్తకమే అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, ఓపికగా చదవండి.

1. అడవి దాచిన రోమన్ గట్టు

ముందుగా దూరదేశపు ఉదాహరణ ఒకటి. రోమన్ చక్రవర్తులు తమ రాజ్యానికి ఉత్తరపు హద్దుగా ఇప్పటి జర్మనీలో రైన్ నదికీ డాన్యూబ్ నదికీ మధ్య సుమారు 550 కిలోమీటర్ల పొడవున సరిహద్దు కట్టారు. కొన్నిచోట్ల కందకం, మట్టిగట్టు, కొయ్య కంచె, మరికొన్నిచోట్ల రాతిగోడ, మధ్యమధ్య కావలి బురుజులు, సైనిక శిబిరాలు. క్రీ.శ. 3వ శతాబ్దంలో సైన్యం అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆ గట్టును ఎవరూ పట్టించుకోలేదు.

అయినా 1700 సంవత్సరాల తరువాత కూడా చాలాచోట్ల ఆ గట్టు కంటికి కనిపిస్తుంది. ఎక్కడ? అడవి ఉన్నచోట. చెట్ల వేళ్ళు మట్టిని పట్టి ఉంచాయి, రాలిన ఆకులు పైన కప్పుగా పడ్డాయి, నాగలి అక్కడికి రాలేదు. పొలాలుగా మారినచోట మాత్రం ఏటేటా దున్నడం వల్ల గట్టు చదునైపోయింది. అక్కడ విమానం నుంచి తీసిన ఫోటోల్లో పైరు రంగు తేడాను బట్టి జాడ వెతకవలసి వస్తుంది. ఆ సరిహద్దులో టౌనస్ కొండల అడవిలో ఉన్న జాల్‌బుర్గ్ అనే శిబిరాన్ని 1897 నుంచి 1907 వరకు తిరిగి కట్టారు. 2005లో ఆ సరిహద్దు మొత్తం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: మట్టితో కట్టినదాన్ని అడవి కాపాడుతుంది, నాగలి చెరిపేస్తుంది.

2. మన పాంచాలంకురిచ్చి

ఇప్పుడు మన ఊళ్ళ దగ్గరికి వద్దాం. ఒట్టపిడారం పక్కన ఉన్న పాంచాలంకురిచ్చి పేరు మీరందరూ వినే ఉంటారు. వీరపాండ్య కట్టబొమ్మన్ పాళెం అది. ఆయన వంశం మన తెలుగువాళ్ళదే. ‘గెట్టిబొమ్ము’ అనే మాటే తమిళంలో కట్టబొమ్మన్ అయిందని పెద్దలు చెబుతారు. ఆ కులదేవత జక్కమ్మ గుడి ఇప్పటికీ అక్కడ ఉంది.

కోట అనగానే రాతి గోడలు ఊహించుకోకండి. 1801లో ఆ కోటను ముట్టడించిన సైన్యంలో ఉన్న జేమ్స్ వెల్ష్ అనే అధికారి 1830లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో దాన్ని వర్ణించాడు. సుమారు 500 అడుగుల పొడవు, 300 అడుగుల వెడల్పు. గట్టిగా అతుక్కునే మట్టితో కట్టిన గోడ. ఎత్తు పన్నెండు అడుగులు. చిన్న చిన్న చదరపు బురుజులు. చుట్టూ కందకం లేదు. దాని బదులు దట్టమైన ముళ్ళకంచె ఉంది.

అంటే రాయి దొరకని చోట మనవాళ్ళు ఉన్నదానితోనే కోట కట్టారు. మట్టి మన నేలది, ముళ్ళు మన కాడువి. ఫిరంగి గుండు రాతిగోడను పగలగొడుతుంది గాని, మెత్తని మట్టిగోడలోకి దిగబడిపోతుంది. బరువు మోస్తూ నడిచే సిపాయి ముళ్ళకంచె దగ్గర ఆగిపోతాడు. ఆగినవాడు గోడ మీదివాళ్ళ గురికి దొరుకుతాడు.

3. గొడవ ఎక్కడ మొదలైంది?

ఇది లెక్కల సంగతి గనుక నేను కొంచెం వివరంగా చెబుతాను. 1798లో కట్టబొమ్మన్ కుంఫిణీకి కట్టవలసిన కిస్తు బకాయి 3310 వరహాలని కలెక్టర్ జాక్సన్ లెక్క చెప్పాడు. రామనాథపురంలో కలుసుకునే నాటికి అందులో చాలావరకు కట్టేసి, మిగిలింది 1080 వరహాలు మాత్రమే. అంటే 2230 వరహాలు జమ అయ్యాయి. మూడింట రెండు వంతులకు పైగా తీరిపోయింది. వరహాకు మూడున్నర రూపాయల చొప్పున చూస్తే మిగిలిన బాకీ 3780 రూపాయలు.

అయినా ఆయన్నూ, మంత్రి సుబ్రహ్మణ్య పిళ్ళైనీ మూడు గంటల పాటు నిలబెట్టి మాట్లాడారు. అక్కడ జరిగిన ఘర్షణలో లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు, పిళ్ళై పట్టుబడ్డాడు. పిల్లలూ, బాకీ వసూలు చేయడంలో తప్పు లేదు. బాకీదారును అవమానించడం వేరు. యుద్ధానికి ఈ అవమానం ఒక్కటే కారణం కాదు. పన్ను వేసే హక్కు అసలు ఎవరిది అన్నదే లోపలి ప్రశ్న.

1799 సెప్టెంబరులో మేజర్ బ్యానర్‌మన్ సైన్యం కోట మీదికి వచ్చింది. కట్టబొమ్మన్ కోట విడిచి వెళ్ళి, పుదుక్కోట్టై సీమలోని అడవిలో పట్టుబడ్డాడు. అక్టోబరు 16న కయత్తారులో ఆయన్ను చింతచెట్టుకు ఉరితీశారు. కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి వెళ్ళే దారిలో ఆ ఊరు మీరు చూసే ఉంటారు.

4. చెరిపేసిన కోట

1801 ఫిబ్రవరి 2న కట్టబొమ్మన్ తమ్ముడు ఊమైదురై పాళయంకోట్టై జైలు నుంచి తప్పించుకున్నాడు. కూల్చేసిన కోటను వారం రోజుల్లోనే మళ్ళీ లేపారు. మట్టి, ముళ్ళు, మనుషులు ఉంటే చాలు గదా! మార్చి 31న కుంఫిణీ సైన్యం చేసిన దాడి విఫలమైంది. మరింత బలగం, పెద్ద ఫిరంగులు వచ్చాక మే 24న కోట పడిపోయింది.

ఊమైదురై శివగంగ సీమకు వెళ్ళి మరుదు సోదరులతో కలిశాడు. అక్కడ కాళైయార్‌కోయిల్ అడవి వాళ్ళకు రక్ష అయింది. సిరువయల్ నుంచి ఆ అడవిలోకి దారి నరకడానికి కుంఫిణీ సైన్యం సుమారు నెల రోజులు ప్రయత్నించి, చేతకాక వదిలేసింది. చివరికి వేరే దారి పట్టి అక్టోబరు 1న కాళైయార్‌కోయిల్‌ను ఆక్రమించింది. మరుదు సోదరులను అక్టోబరు 24న తిరుప్పత్తూరులోనూ, ఊమైదురైని నవంబరు 16న పాంచాలంకురిచ్చిలోనూ ఉరితీశారు.

పాంచాలంకురిచ్చి కోటను నేలమట్టం చేసి, దున్ని, ఆముదాలు చల్లారని మన ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు. జర్మనీ గట్టు గురించి చెప్పిన సూత్రం ఇక్కడ గుర్తు చేసుకోండి. అక్కడ నాగలి తెలియక చెరిపింది, ఇక్కడ తెలిసే చెరిపించారు. ఇప్పుడు మనం చూసే స్మారక కోట 1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టించింది. అసలు కోట మిగిల్చినవి దాని పక్కన బయటపడిన పునాదులు, శిథిలాలే. స్కూలు విహారయాత్రకు వెళ్ళినప్పుడు కొత్త కోట దగ్గర ఫోటో దిగి వచ్చేయకుండా, ఆ శిథిలాల దగ్గర కూడా పది నిమిషాలు నిలబడండి.

5. ముళ్ళ అడవిలో ఇప్పుడు ఎవరున్నారు?

కట్టబొమ్మన్ సేనాని వెళ్ళయత్తేవన్ స్వస్థలం వల్లనాడు. తిరునెల్వేలి – తూత్తుక్కుడి రోడ్డు మీద ఉన్న ఆ ఊరి కొండ, దాని చుట్టూ ఉన్న 16.41 చదరపు కిలోమీటర్ల ముళ్ళ అడవి 1987లో కృష్ణజింకల అభయారణ్యంగా ఏర్పడింది. మన దేశంలో కృష్ణజింకలు సహజంగా బతుకుతున్న దక్షిణపు కొస ఇదే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా కృష్ణజింకే. తెలుగువాళ్ళ దక్షిణపు కొస, కృష్ణజింకల దక్షిణపు కొస పక్కపక్కనే ఉండటం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

మగ జింకకు వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కొమ్ములు మెలితిరిగి ఉంటాయి. ఆడ జింక లేత గోధుమ రంగు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటవ షెడ్యూలులో దీనికి గట్టి రక్షణ ఉంది. ఈ అడవిలో చుక్కల జింకలు, కుందేళ్ళు, అడవి పిల్లులు, ముంగిసలు కూడా ఉన్నాయి. గొడుగులా పైన పరుచుకునే కుడైవేలం అనే తుమ్మజాతి చెట్టు ఈ నేలకు సొంతం.

కృష్ణజింక దట్టమైన అడవి జంతువు కాదు. గడ్డి మేస్తుంది, ఆపద వస్తే పొదలో దాక్కోకుండా బయలు నేల మీద పరుగెత్తి తప్పించుకుంటుంది. అందువల్ల దానికి గడ్డి నేల కావాలి. ఇక్కడే అసలు చిక్కు. మనం సీమ కరువేలం అనీ, ఆంధ్రలో సర్కారు తుమ్మ అనీ పిలిచే చెట్టు అమెరికా ఖండం నుంచి వచ్చింది. వంటచెరకు కోసం నాటితే, గడ్డి నేలల్లోకి, చెరువుల్లోకి, బంజర్లలోకి పాకింది. ఒకప్పటి ముళ్ళకంచె ఊరిని కాపాడింది. ఈ ముళ్ళ చెట్టు మేతనే మింగేస్తోంది. కంచె చేను మేసినట్లు అంటే ఇదే.

అయితే ఒక్క మాట. మన విరుదునగర్, రామనాథపురం జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు ఈ చెట్టును నరికి బొగ్గు కాల్చి బతుకుతున్నాయి. వాన లేని ఏడు ఆ బొగ్గే వాళ్ళ ఇంట్లో అన్నం. కాబట్టి ఒక్కసారిగా పీకేయమనడం సులువు, చేయడం కష్టం. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఇలాంటి చొరబాటు మొక్కల తొలగింపుకు ఒక విధానం ప్రకటించింది. తొలగించిన చోట మన నేల గడ్డీ మన నేల చెట్లూ తిరిగి పెంచాలి, ఆ కూలి పని బొగ్గు కాల్చేవాళ్ళకే దక్కాలి. అప్పుడే లెక్క సరిపోతుంది.

విరుదునగర్ జిల్లా పడమటి కొండల్లో 1988లో ఏర్పడిన శ్రీవిల్లిపుత్తూరు బూడిదరంగు పెద్ద ఉడుతల అభయారణ్యం 2021లో మేఘమలైతో కలిసి పులుల సంరక్షణ కేంద్రమైంది. పచ్చని కొండ అడవికి పేరు త్వరగా వస్తుంది. ఎండిన ముళ్ళ అడవిని చూసి మాత్రం ‘పనికిరాని బంజరు’ అంటారు. రికార్డులో ఆ ఒక్క మాట రాసి ఉంటే చాలు, క్వారీకో ప్లాట్లకో పోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

6. మీరు చేయవలసిన పని

మన పెద్దలు ఉత్తరం నుంచి వచ్చి కాడు కొట్టి, కరిసల్ నేల సాగుచేసి ఊళ్ళు కట్టుకున్నారు. ఇడైసెవల్ వాస్తవ్యులు కి. రాజనారాయణన్ గారు 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’ నవలలో ఆ వలస కథే చెప్పారు. కొట్టక తప్పలేదు, తిండి కావాలి. ఇప్పుడు మిగిలిన కాస్త కాడును చూసుకోవడం మన వంతు. అందుకు మీకు సాధ్యమయ్యే పనులు ఇవి:

అ) ఒక నోటుపుస్తకం తీసుకుని నాలుగు గడులు గీయండి: తేదీ, చోటు, చూసింది, చెప్పినవారు. మీ ఊరి పాత గట్టు, బురుజు, వీరగల్లు, చెరువు, చెట్టు, పక్షి – ఏది చూసినా రాయండి.

ఆ) తాతయ్యలను, అమ్మమ్మలను మొక్కల పేర్లు తెలుగులోనూ తమిళంలోనూ అడిగి రాసుకోండి. ఆ పేర్లు ఎరిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఇ) పాత కుండపెంకు, నాణెం దొరికితే ఇంటికి తేవద్దు. ఉన్నచోటే ఉంచి టీచరుకు, తహశీల్దారు కార్యాలయానికి చెప్పండి. చోటు తెలియని వస్తువు, తేదీ లేని రసీదు ఒకటే.

ఈ) అభయారణ్యానికి అటవీశాఖ అనుమతితోనే వెళ్ళండి. జింకల వెంట పరుగెత్తకండి, ప్లాస్టిక్ వదలకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ అభిరుచి ఉన్న పిల్లలను ‘దీనివల్ల కూడు వస్తుందా’ అని ఆపకండి. సైన్సు చదివేవారికి మేట్టుపాళయం అటవీ కళాశాలలో ఫారెస్ట్రీ డిగ్రీ ఉంది. ఆ తరువాత ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్ష కూడా రాయవచ్చు. చరిత్ర చదివేవారికి పురావస్తు శాఖలో దారి ఉంది. కామర్స్ వాళ్ళు కూడా నిరాశ పడనక్కరలేదు. పంచాయతీ లెక్కల్లో ‘బంజరు’ అని రాసిన నేల నిజంగా ఏమిటో చదివి చెప్పగలవారు గ్రామసభలో ఒక్కరైనా ఉండాలి. ఆ పని లెక్కలు తెలిసినవారిదే.

అభ్యాసం:
1. మట్టిగట్టును అడవి ఎలా కాపాడుతుంది? రెండు కారణాలు రాయండి.
2. పాంచాలంకురిచ్చి కోటకు కందకం లేని లోటును ఏది తీర్చింది?
3. కృష్ణజింకకు దట్టమైన పొదలకన్నా గడ్డి నేల ఎందుకు అవసరం?
4. మీ ఊరిలో ‘బంజరు’ అని పిలిచే ఒక చోటికి పెద్దలతో వెళ్ళి, అక్కడ కనిపించిన పది జీవులు లేదా మొక్కల పేర్లు రాయండి.

నాలుగవ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు. మీరు రాసి పంపండి. చదవడానికి నేను ఎదురుచూస్తుంటాను.