గీత గీసే చెయ్యి

గుత్తిలో ఇల్లు కట్టే చోటికి వెళ్లి చూడండి. ఇసుక జల్లించేది ఎవరు? ఆడవాళ్లు. నీళ్లు మోసేది ఎవరు? ఆడవాళ్లు. సిమెంటు తట్ట ఎత్తేది ఎవరు? ఆడవాళ్లే. గోడ కట్టే బేల్దారి మాత్రం మగవాడు. ప్లాను గీసేది కూడా ఎక్కువగా మగవాడే.

"ఆడదానికి ప్లాను గీయడం ఏం తెలుసు?" అంటారు కొందరు. వాళ్లకు లలిత కథ చెప్పండి.

అయ్యలసోమయాజుల లలిత తెలుగింటి ఆడబిడ్డ. 1919లో మద్రాసులో పుట్టింది. 15 ఏళ్లకే పెళ్లి చేశారు. 18 ఏళ్లకు భర్త చనిపోయాడు. అప్పటికి ఒళ్లో నాలుగు నెలల పసిబిడ్డ.

ఆ రోజుల్లో భర్త పోయిన ఆడదాన్ని మూల కూర్చోబెట్టేవాళ్లు. లలిత మూల కూర్చోలేదు. చదువుకుంటానంది. తండ్రి పప్పు సుబ్బారావు సరేనన్నాడు. ఆయన మద్రాసులో గిండీ ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఆ కాలేజీలో అప్పటిదాకా అందరూ మగపిల్లలే. లలిత చేరింది. తర్వాత లీలమ్మ జార్జి, త్రేసియా అనే మరో ఇద్దరు చేరారు.

1943లో లలిత చదువు పూర్తయింది. పట్టా కాగితం మీద "అతడు" అని అచ్చయి ఉంది. దాన్ని కొట్టేసి "ఆమె" అని రాయాల్సి వచ్చింది!

తర్వాత కలకత్తాలో ఒక కంపెనీలో చేరింది. కరెంటు లైన్లకు, సబ్‌స్టేషన్లకు ప్లాన్లు గీసింది. పెద్ద భాక్రా నంగల్ డ్యాం కరెంటు పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల మొదటి ప్రపంచ సభకు వెళ్లింది. 1979లో చనిపోయింది.

ప్లాను ఎవరు గీస్తే ఏమి? అని అడగవచ్చు. ఆలోచించండి. పొయ్యి దగ్గర పొగ తినేది ఎవరు? వంటింటి కిటికీ ఎక్కడ ఉండాలో ఆమెను అడిగారా? ముసలమ్మ ఎక్కలేని మెట్లు ఎందుకు కట్టారు? కాళ్లు లేనివాడు ఆఫీసు లోపలికి ఎలా పోతాడు? గీసేవాళ్లలో అన్ని రకాలవాళ్లూ ఉంటే ఈ మాటలు ముందే గుర్తుకొస్తాయి. గోడ లేచినాక గుర్తొస్తే పగలగొట్టాల్సిందే.

ఒకే పనికి ఆడ, మగ తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976లో చట్టం చేశారు. 2019 వేతనాల చట్టం కూడా అదే చెబుతోంది. కానీ ఆడమనిషి చేతికి తాపీ ఇవ్వకపోతే బేల్దారి కూలి ఎట్లా వస్తుంది? పని నేర్పితేనే కదా!

లలితకు తోడుగా తండ్రి నిలబడ్డాడు. మన బిడ్డలకు మనం నిలబడాలి.

మాట్లాడుకోండి:
1. మీ ఊర్లో ఆడ బేల్దారి ఉందా? లేకపోతే ఎందుకు లేదు?
2. మీ ఇంటి ప్లాను మీరే గీస్తే ఏమి మారుస్తారు? పలక మీద గీసి చూపండి.
3. "అతడు", "ఆమె" అని రాయండి.